మా మామయ్య, రుస్తుమే హింద్

బిరుదులంటే మనవాళ్ళకి మొదటినుంచీ కాస్త మోజు ఎక్కువ. నా చిన్నతనంలో మా వూరి హరిదాసుగారికి రెండు బిరుదులుండేవి. ఆయన పక్కన మృదంగం వాయించే ఆయనకి మూడు. పెళ్ళిళ్ళలో వంట చేసే స్వామికి కూడా ఎవరో "అభినవ నలుడు" అని పేరుపెట్టి వేలికి వుంగరం తొడిగారు. అయితే ఈ బిరుదులకి దేనికీ దొంగల భయం లేదు. ఇచ్చింది ఇచ్చినట్టు చచ్చేదాకా వుంటుంది. చచ్చాక కూడా సంతాప సభ కరపత్రంలో పడుతుంది.

కుస్తీ బిరుదు సంగతి అలా కాదు. "అది మోసేవాడు ఇక్కడ గుర్రుపెట్టి నిద్రపోతూవుంటే, ఎక్కడో ఇంకో వూళ్ళో ఒకడు తెల్లవారుజామున లేచి దానికోసం బస్కీలు తీస్తూ వుంటాడురా" అనేవాడు మా మామయ్య.

మామయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నేను చెప్పేది 1960, 61 నాటి మాట. అప్పటికి నాకు పదకొండేళ్ళు, ఆయనకి ఇరవై నాలుగు. ఎస్సెల్సీలో లెక్కలు ఆయన్ని రెండుసార్లు పడేశాయి. మూడోసారి ఆయన లెక్కలతో గోదాలోకి దిగలేదు. ఉదయం నాలుగు గంటలకి లేచి, కాలవగట్టు దాటి, రావిచెట్టు కింద వున్న గరిడీకి పోయేవాడు. ఎనిమిదింటికి వొళ్ళంతా ఎర్రమట్టితో తిరిగి వచ్చి, మా ఇంటి నూతి దగ్గర నిలబడి ముప్ఫై చేదల నీళ్ళు పోసుకునేవాడు. "వీడు కుస్తీ పడితే పడ్డాడుగాని నా నుయ్యి ఎండగొట్టేస్తున్నాడు" అని మా నాన్న విసుక్కునేవారు.

గరిడీ నడిపేది ఒక ముసలాయన. అందరూ వస్తాదుగారనే అనేవాళ్ళు. ఆయన అసలు పేరు నాకీనాటికీ తెలియదు. పగలు కుట్టుమిషను మీద చొక్కాలు కుట్టేవారు, తెల్లవారుజామున కుర్రాళ్ళ మెడలు వంచేవారు. గోదాలో మట్టిని జల్లించి, అందులో పసుపూ, మజ్జిగా, నూనే కలిపి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా దాన్ని మెత్తచేసేవారు. ఒక గూట్లో ఆంజనేయస్వామి పటం, దాని కిందుగా పత్రికలోంచి కత్తిరించి అతికించిన ఒక మీసాల పైల్వాను బొమ్మ వుండేవి. ఆ బొమ్మ గామాది. ఆ గరిడీలో చేరినవాడు మొదట స్వామికి దణ్ణం పెట్టి, తరవాత గామాకి సలాం చేసి, అప్పుడు లంగోటీ బిగించాలి.

రుస్తుమే హింద్ అన్నమాట నేను మొట్టమొదట విన్నది అక్కడే. రుస్తుం పారసీకుల వీరుడు. ఫిరదౌసి షానామాలో ఆయనదే పెద్ద పీట. మనకి భీముడెలాగో వాళ్ళకి రుస్తుం అలాగ. రుస్తుమే హింద్ అంటే హిందూదేశపు రుస్తుం. మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడుగారిని కలియుగ భీముడన్నట్టే అనుకోండి. కాని తేడా వుంది. నాయుడుగారు రొమ్ముకి ఇనపగొలుసు చుట్టుకుని ఊపిరి బిగబట్టి తెంపేవారు, గుండెమీద ఏనుగుని ఎక్కించుకునేవారు. జనం ముచ్చటపడి ఆయనకి భీముడని పేరు పెట్టుకున్నారు. రుస్తుం పేరు అలా ముచ్చటపడితే రాదు. అది ఎవడి దగ్గర వుందో వాణ్ణి వెల్లకిలా పడేసి, రెండు భుజాలూ మట్టికి ఆనిస్తేనే వస్తుంది. వస్తాదుల భాషలో వెల్లకిలా పడడాన్ని "చిత్" అంటారు. ఎన్నికల్లో ఫలానావారు చిత్తుగా ఓడిపోయారని మనం అనేదానికీ దీనికీ చుట్టరికం వుందో లేదో పండితులు చెప్పాలి.

ఆ రోజుల్లో ఈ బిరుదుకి ఆఫీసంటూ లేదు. రిజిస్టరు లేదు, ముద్ర లేదు. పైల్వాన్లని పోషించినవాళ్ళు సంస్థానాధీశులు. దతియా, పటియాలా, కొల్హాపూరు, బరోడా - ఒక్కొక్క మహారాజు ఆస్థానంలో సంగీత విద్వాంసుడున్నట్టే జెట్టీ కూడా వుండేవాడు. ఆయనకి పాలు, నెయ్యి, బాదంపప్పు ఖజానా లెక్కల్లోంచి వెళ్ళేవి. ఆ మహారాజు పైల్వాను ఈ మహారాజు పైల్వానుని పడగొడితే ఫిరంగి పేల్చకుండా యుద్ధం గెలిచినట్టే. అందరినీ పడగొట్టి, ఇక సవాలు చేసేవాడు మిగలకపోతే దేశం వాణ్ణి రుస్తుమే హింద్ అనేది. అంటే ఆ బిరుదుని ఇచ్చేది నిజానికి ఓడిపోయినవాళ్ళే. ఇంతకన్న గట్టి సంతకం ఏముంటుంది?

గామా అసలు పేరు గులాం మహమ్మద్. పుట్టింది 1878లో, అమృతసరు దగ్గర ఒక పల్లెటూళ్ళో. తండ్రి కూడా మల్లుడే. కుర్రాడి చిన్నతనంలోనే తండ్రి పోతే తాతగారు, మేనమామ చేరదీసి దతియాలో కుస్తీ నేర్పించారు. ఈ మేనమామ సంగతి వచ్చినప్పుడల్లా మా మామయ్య నావైపు అదొకలా చూసేవాడు. పదేళ్ళ వయసులో జోధపూరులో బస్కీల పోటీకి వెళ్ళాడు గామా. వచ్చినవాళ్ళు నాలుగు వందల పైచిలుకు పెద్ద పెద్ద పైల్వాన్లు. ఒక్కొక్కళ్ళే కూలబడిపోతూంటే చివరికి మిగిలిన పదిహేనుమందిలో ఈ పిల్లాడొకడు. జోధపూరు మహారాజు ఆశ్చర్యపోయి బహుమతి వాడికే ఇచ్చేశారు. ఈ కథ విన్న మర్నాడు నేను కూడా గరిడీకి పోయి బస్కీలు మొదలుపెట్టాను. ముప్ఫై నాలుగు తీశాను. తరవాత మూడు రోజులు మా ఇంటి మెట్లు దిగలేకపోయాను.

ఆనాటి రుస్తుం రహీం బక్షు సుల్తానీవాలా. ఆయన ఏడడుగులకి కొంచెం తక్కువ మనిషి. గామా అయిదడుగుల ఏడంగుళాలు. ఇద్దరూ గోదాలో దిగితే తాటిచెట్టూ రోలూ ఎదురుపడినట్టుండి వుంటుంది. వాళ్ళిద్దరూ ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తలపడ్డారు. గంటలకొద్దీ పట్టుబట్టినా ఎవరూ ఎవరినీ చిత్ చెయ్యలేకపోయారు. బిరుదు గాలిలో వేలాడుతూ వుండిపోయింది. ఈలోగా 1910లో గామా, ఆయన తమ్ముడు ఇమాం బక్షు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళారు. ఖర్చు పెట్టుకున్నది ఒక బెంగాలీ ధనవంతుడు.

అక్కడ దొరలు గామా పొడుగు చూసి పోటీలోకి రానివ్వలేదు. ఏ ముగ్గురు మల్లుల్నైనా అరగంటలో పడేస్తానని గామా సవాలు విసిరాడు. మొదట ఎవరూ నమ్మలేదు. చివరికి అమెరికా నుంచి వచ్చిన డాక్టరు రోలర్ ముందుకొస్తే, మొదటిసారి ఒక నిమిషం నలభై సెకన్లలోను, రెండోసారి తొమ్మిది నిమిషాల పైనా పడేశాడు. మర్నాడు ఇంకో పన్నెండుమందిని. ఆ తరవాతే పోలండు మల్లుడు జిబిస్కోతో జాన్ బుల్ బెల్టు కోసం పోటీ ఖాయమైంది. జాన్ బుల్ అన్నది ఒక పత్రిక పేరు! ప్రపంచ ఛాంపియను బెల్టు ఒక వారపత్రిక పేరుమీద నడిచిందంటే ఈ వారపత్రిక చదువుతున్న మీకూ రాస్తున్న నాకూ కాస్త గర్వంగానే వుండాలి.

1910 సెప్టెంబరు 10న జరిగిన ఆ కుస్తీని మామయ్య మా ఇంటి వసారాలో వారానికోసారి జరిపించేవాడు. ఆయన గామా, నేను జిబిస్కోని. నాకు ఆ వేషం చాలా సుఖంగా వుండేది. ఎందుకంటే జిబిస్కో కాసేపట్లోనే నేలమీద బోర్లా పడుకుని, ఇక లేవనంటే లేవనన్నాడు. బోర్లా పడుకున్నవాడి భుజాలు నేలకి ఆనించడం ఎలా? గామా లాగాడు, దొర్లించబోయాడు, చుట్టూ తిరిగాడు. రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు! చివరికి చీకటిపడి కుస్తీ ఆపేశారు. నేను చల్లటి గచ్చుమీద బోర్లా పడుకుని ఒకటి రెండుసార్లు నిజంగానే నిద్రపోయాను. మళ్ళీ సెప్టెంబరు 17న తలపడాలన్నారు. ఆ రోజు జిబిస్కో రానేలేదు. బెల్టు గామాకి ఇచ్చారు.

ఇంగ్లండునుంచి తిరిగివచ్చాక అలహాబాదులో గామా, రహీం బక్షు ఆఖరిసారి తలపడ్డారు. ఈసారి గామా గెలిచాడు. రుస్తుమే హింద్ అయ్యాడు. ఆ తరవాత జిబిస్కో బాకీ కూడా తీరింది. 1928 జనవరిలో పటియాలా మహారాజు అతన్ని పిలిపించి మళ్ళీ పోటీ పెట్టించారు. పద్ధెనిమిదేళ్ళు ఎదురుచూసిన ఆ కుస్తీ ఒక్క నిమిషం కూడా పట్టలేదు. వసారాలో ఈ ఘట్టం వచ్చేసరికి నేను పారిపోయేవాణ్ణి. ఆ మరుసటి ఏడు పీటర్సనుని కూడా పడగొట్టాక గామాకి ఎదురు నిలబడేవాడు దొరకలేదు. ఆయన తరవాత బిరుదు ఇమాం బక్షుకు దక్కింది.

తరవాత 1947 వచ్చింది. హిందూదేశపు రుస్తుములు లాహోరులో వుండిపోయారు, హిందూదేశం మాత్రం ఇవతలికి వచ్చింది! కల్లోలం రోజుల్లో గామా తన వీధిలోని హిందువుల ఇళ్ళకి కాపలా కాశాడనీ, వాళ్ళని సరిహద్దుదాకా సాగనంపి దారిబత్తెం ఇచ్చి పంపాడనీ చెప్పుకుంటారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మా వస్తాదుగారు కుట్టుమిషను ఆపి చెప్పేవారు. అటువైపు 1949లో ఇమాం బక్షు కొడుకు భోలూ రుస్తుమే పాకిస్తాన్ అయ్యాడు. ఇటువైపు బిరుదు ఖాళీ. పైగా సంస్థానాలు విలీనమైపోయాయి. దర్బారులు లేవు, ఖజానా లేదు. పాలూ బాదంపప్పూ ఎవరు పోస్తారు? పైల్వాన్లు టిక్కెట్టు కొని చూసేవాళ్ళ దగ్గరికి రావలసివచ్చింది. మట్టి పోయి కాన్వాసు గుడ్డ వచ్చింది, చుట్టూ తాళ్ళు వచ్చాయి, రౌండ్లూ గంటలూ వచ్చాయి. హంగేరీ నుంచి వచ్చిన కింగ్ కాంగ్ అనే రెండువందల కిలోల కొండ కూడా వచ్చింది.

అలా మారిన కాలంలో రుస్తుమే హింద్ అయినవాడు దారా సింగ్. అమృతసరు జిల్లా రైతుబిడ్డ. 1947లో సింగపూరు పోయి, డ్రమ్ములు తయారుచేసే మిల్లులో పనిచేస్తూ రింగు కుస్తీ నేర్చుకున్నాడు. అక్కడ మలయా ఛాంపియనై తిరిగి వచ్చి, 1954లో బొంబాయిలో టైగర్ జోగిందర్ సింగుని ఓడించి రుస్తుమే హింద్ బిరుదు గెలుచుకున్నాడు. కాశ్మీరు మహారాజు హరిసింగు వెండికప్పు అందించారు. రాజ్యం పోయిన మహారాజు చేతిమీదుగా, టిక్కెట్ల కుస్తీలో గెలిచిన బిరుదు. పాతా కొత్తా ఆ ఒక్క ఫొటోలో ఇమిడిపోయాయి.

ఇక్కడే మా గరిడీలో పేచీ వచ్చింది. వస్తాదుగారి దృష్టిలో రుస్తుం పేరు గామా ఇంట్లోనే ఆఖరైపోయింది. "రింగు కుస్తీ కుస్తీ కాదు, నాటకం. రాత్రి ఎవడు పడాలో పగలే మాట్లాడుకుంటారు" అనేవారు. మామయ్యకి మాత్రం దారా సింగ్ అంటే ప్రాణం. ఆయన బొమ్మని వస్తాదుగారి కంటబడకుండా మా ఇంట్లో ధాన్యపు గది తలుపు వెనక అతికించుకున్నాడు. 1958లో మొదటి హింద్ కేసరి పోటీ హైదరాబాదులో జరిగినప్పుడు వెళ్ళి చూస్తానని అమ్మమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాడు. రైలు ఛార్జీ పుట్టలేదు.

1960 మే 23న లాహోరులో గామా చనిపోయాడు. పత్రికలో వార్త చదివి వస్తాదుగారు గోదా మూయించేశారు. రెండు రోజులు ఎవరూ మట్టి తాకలేదు. చివరి రోజుల్లో జబ్బుచేసి పతకాలు అమ్ముకున్నాడనీ, ఈ దేశంనుంచి బిర్లాగారు రెండువేల రూపాయలు పంపి నెలకి మూడు వందలు ఏర్పాటు చేశారనీ అప్పుడే తెలిసింది. మామయ్య ఆ పూట అన్నం తినలేదు. అమ్మ బతిమాలినా తినలేదు.

ఆ మరుసటి వేసవిలో మా వూరికి రింగు కుస్తీ వచ్చింది.

జట్కా మీద బాజా వాయిస్తూ గులాబిరంగు కరపత్రాలు పంచారు. నేల అర్ధరూపాయి, కుర్చీ రెండు రూపాయలు. అయిదుగురు మల్లులు వచ్చారు. అందులో ఒకడు దక్షిణ దేశ ఛాంపియను. నడుముకి పళ్ళెమంత ఇత్తడి బిళ్ళ వున్న బెల్టు పెట్టుకుని జట్కాలో నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతూ వెళ్ళాడు. స్థానిక వీరులెవరైనా ఛాంపియనుతో తలపడి గెలిస్తే బెల్టూ, నూటపదహార్లూ ఇస్తామని కరపత్రంలో వుంది. రెండో రోజు కరపత్రంలో మా మామయ్య పేరు పడింది!

నేను ఆ కాగితం పట్టుకుని వూరంతా తిరిగాను. ఎప్పుడూ నన్ను ఏడిపించే ఒక సహపాఠీతో పందెం కూడా కాశాను. నా ఫౌంటెన్ పెన్ను. అంతకుముందు దసరాకి నాన్న కొనిపెట్టినది. గెలిస్తే వాడి బొంగరం, చేతి గొడుగు రెండూ నావి.

ఆ రాత్రి పెట్రోమాక్సు దీపాల వెలుతురులో మామయ్య రింగులోకి దిగాడు. ఆయన వొంటిమీద మట్టి లేకుండా నేను చూడడం అదే మొదటిసారి. ఎందుకో పరాయివాడిలా కనిపించాడు. మొదటి రౌండులో ఛాంపియనుని రెండుసార్లు ఎత్తి కుదేశాడు. వూరు వూరంతా కేకలు. రెండో రౌండు సమానం. మూడో రౌండులో ఛాంపియను మామయ్యని భుజాలమీదికి ఎత్తుకుని, గిరగిర తిప్పి, బల్లలు అదిరేలాగ పడేశాడు. మామయ్య వెల్లకిలా పడి కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అన్నారు. గంట కొట్టారు.

నేను ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. మర్నాడు పొద్దున్నే పెన్ను ఇచ్చేశాను. అయితే నా ఏడుపు పెన్ను కోసం కాదు. మామయ్య ఆ ఉదయం నూతి దగ్గరికి మామూలుగా నడిచివచ్చాడు. అంత ఎత్తునుంచి పడ్డవాడు కుంటలేదు. వీపుమీద గీత కూడా లేదు. దెబ్బ తగలని మామయ్యని చూసి నాకు ఏదో అర్థమైంది. సరిగా ఏమిటో మాత్రం కాలేదు. "మామయ్యా, గామా అయితే పడేవాడా?" అన్నాను. ఆయన నీళ్ళు పోసుకుంటూనే, "పడడురా" అన్నాడు. అంతే. ఆ తరవాత వసారాలో కుస్తీ జరగలేదు. నేను చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు.

ఆయన మళ్ళీ గరిడీకి పోలేదు. ఆ ఆషాఢంలో రైసుమిల్లులో గుమాస్తాగా చేరాడు. లెక్కల్లో తప్పినవాడు ముప్ఫై ఏళ్ళపాటు బస్తాల లెక్కలు రాశాడు.

కాలం దాని మానాన అది నడిచింది. 1959లో కలకత్తాలో కెనడా మల్లుడు గోర్డియెంకోని ఓడించి కామన్వెల్త్ ఛాంపియనైన దారా సింగ్, 1962లో కింగ్ కాంగ్ పేరుతోనే వచ్చిన హిందీ సినిమాలో హీరో అయ్యాడు. 1968 మే 29న బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియనయ్యాడని చదివి, ఆ పత్రిక మామయ్యకి పంపుదామనుకుని మానేశాను. దారా సింగ్ 1983లో కుస్తీనుంచి విరమించుకున్నాడు. 1987లో టీవీలో రామాయణం మొదలైనప్పుడు ఆంజనేయస్వామి వేషం ఆయనదే. ఆదివారం పొద్దున్నే మామయ్య స్నానం చేసి, చాపమీద కూర్చుని చూసేవాడని అత్తయ్య చెప్పింది. గరిడీ గూట్లో విడివిడిగా వుండవలసిన స్వామీ పైల్వానూ ఒకే పటంలోకి వచ్చేశారు మరి.

2012 జూలై 12న దారా సింగ్ పోయాడు. ఆ రోజు ఏదో పనిమీద వూరికి వెళ్ళి మామయ్య ఇంట్లోనే వున్నాను. టీవీలో పాత కుస్తీలు చూపిస్తున్నారు. కింగ్ కాంగ్‌ని తాళ్ళ అవతలికి విసిరేసే బొమ్మ వచ్చింది. మామయ్య దాన్ని చూస్తూ చూస్తూ, "ఎగిరేవాడు సగం ఎగరాలిరా. లేకపోతే వాణ్ణి ఎత్తడం ఎవడి తరమూ కాదు" అన్నాడు.

యాభై ఒక్క ఏళ్ళ తరవాత ఆ విషయం అలా బయటపడింది.

కుస్తీల మేనేజరు డెబ్బై అయిదు రూపాయలు ఇస్తానన్నాడట. ఓడిపోవడానికే. గెలిచినవాడికి నూటపదహార్లన్న కరపత్రం అచ్చొత్తించిందీ ఆయనే, ఆ డబ్బు ఎన్నడూ ఇవ్వనక్కరలేకుండా ఏర్పాటు చేసుకున్నదీ ఆయనే. మూడు రోజులు ఒక గోడౌనులో గడ్డిమీద అభ్యాసం చేయించారట. "పడెయ్యడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. పడడం మూడు రోజుల్లో నేర్చుకోమన్నారు. గడ్డం రొమ్ముకి ఆనించుకోవాలి, ఊపిరి వదిలెయ్యాలి, వీపు మొత్తం ఒక్కసారి ఆనాలి, అదే క్షణాన అరచేతుల్తో బల్లని చరవాలి. చప్పుడు అరచేతులది, జనానికి మాత్రం నడుం విరిగినట్టు వినిపిస్తుంది." ఆ బల్లలకింద ఖాళీ వదలడం కూడా చప్పుడుకోసమేనట. మెడ పట్టుకున్నప్పుడు చెవిలో తరవాత ఏం చెయ్యాలో చెప్పుకుంటారట.

"ఛాంపియను చాలా మంచివాడురా. పాపం, ఎడమ మోకాలు పాడైపోయింది. ఎడమవైపు పట్టు పట్టవద్దని గోడౌనులో నా చేతులు పట్టుకుని అడిగాడు. నలుగురు పిల్లలట. మోకాలు పోయిందంటే బెల్టు ఇంకోడికి కడతారు. ఆ బెల్టు బిళ్ళ వెనకాల దాన్ని పోతపోసిన కంచరి ముద్ర కూడా వుంది, నేను చూశాను."

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు మామయ్యా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆ చలికాలం మా నాన్నకి టైఫాయిడు వచ్చినప్పుడు అమ్మ నాంతాడు తాకట్టుకి వెళ్ళింది. నాకు తెలియదు. వేసవిలో అది మళ్ళీ అమ్మ మెడలోకి వచ్చింది. అదీ నేను గమనించలేదు. పిల్లలు పెన్నులు గమనిస్తారుగాని నాంతాళ్ళు గమనించరు. అమ్మకి అంతా తెలుసట. 1994లో పోయేదాకా నాతో ఒక్క మాట అనలేదు. నేను మామయ్యతో మాట్లాడనప్పుడు కూడా అనలేదు.

"వస్తాదుగారికి ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరు చెప్తారు? నేనే చెప్పాను. గోదాలోకి అబద్ధంతో దిగలేం కదా. ఆయన ఏమీ అనలేదు. మేకుకి వేలాడుతున్న నా లంగోటీ తీసి, మడతపెట్టి, చేతికిచ్చారు."

నేను ఇంటికి వచ్చాక చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. వస్తాదుగారిది న్యాయమే. కాని ఆయన చెప్పినంత గట్టి గోడ గామా కుస్తీకీ దారా సింగ్ కుస్తీకీ మధ్య వుందా అని నాకు అనుమానం. లండనులో గామాని ఆడించినదీ ఒక మేనేజరే. సవాళ్ళు పత్రికల్లో వేయించి జనాన్ని రప్పించిందీ ఆయనే. మహారాజుల గోదాలో పోటీ నిజమే కావచ్చు, కాని అక్కడా కూడు పెట్టేవాడు వేరు, కుస్తీ పట్టేవాడు వేరు. దారా సింగు దేహం, అభ్యాసం మాత్రం అబద్ధమా? తోటివాడి మోకాలు కాపాడుతూ రెండువందల కిలోల మనిషిని ఎత్తడం ఎవరైనా చేసి చూపించండి. నా మట్టుకు నాకు, బిరుదు మట్టిలోది ఎక్కువ, కాన్వాసుది తక్కువ అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా పదకొండేళ్ళప్పుడు అన్నంత ధీమాగా అనలేను.

ఆ రోజు సాయంత్రం నా పెన్ను సంగతి మామయ్యకి చెప్పాను. ఆయనకి అంతవరకూ తెలియదు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "వెర్రి వెధవా, ముందే నాతో అంటే ఛాంపియను మీద కాయమనేవాణ్ణి కదురా!" అన్నాడు. నవ్వడం ఆగాక చాప మీదినుంచి లేచి, పంచె ఎగదోసి, "చూడు, ఇలా" అంటూ గచ్చుమీద వెల్లకిలా వాలి, రెండు అరచేతుల్తోనూ ఫెడీమని చరిచాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

వంటింట్లోంచి అత్తయ్య గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏమిటా చప్పుడు? ఎవరు పడ్డారు?"

"ఎవరూ పడలేదే. వీడికి పడడం చూపిస్తున్నాను."

"డెబ్బై అయిదేళ్ళొచ్చాయి! నడుం పడితే రేపు నూతి దగ్గరికి ఎవరు మోస్తారు?" అని గరిటె నావైపు తిప్పి, "నువ్వైనా చెప్పకూడదూ? లేపు, లేపు" అంది.

నేను చెయ్యి ఇచ్చాను. ఆయన ఆ చెయ్యి పట్టుకోకుండా, ఒక్కసారి పక్కకి దొర్లి తనంతట తనే లేచి కూర్చున్నాడు.